అడవికి అసలెంత... వడ్డీ ఎంత?

మా మేనల్లుడికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. వాడు వద్దన్నాడు. సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ చదువుతానన్నాడు. ‘ఫారెస్ట్రీ ఏమిట్రా... నాలుగేళ్లు చదివి చెట్లకు కాపలా కాస్తావా?’ అని మా అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. బావ వారం రోజులు వాడితో మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం ఒక్కటే మాట అంది.

‘చదువుకోనివ్వండి. ఒరేయ్, రేపు ఆఫీసరువయ్యాక మాత్రం ఎవరి కొడవలీ లాక్కోకు’.

ఆ మాట వెనక కథ నాకు తెలుసు. మాది రంపచోడవరం వెళ్లే దారిలో కొండల కింద చిన్న ఊరు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు అమ్మతో కలిసి కట్టెలకు వెళ్లాను. తిరిగొస్తుంటే దారిలో ఖాకీ చొక్కా వేసుకున్నాయన ఆపాడు. మోపు దింపించాడు. అమ్మ చేతిలో కొడవలి లాక్కున్నాడు. ‘ఎండుపుల్లలే బాబూ’ అని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. కట్టెలు పోయినందుకు అమ్మ బాధపడలేదు. కొడవలి మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాని కోసం ఏడ్చింది. మర్నాడు పక్కింటి వాళ్ల కొడవలి అరువు తెచ్చుకుని మళ్లీ అదే కొండకు వెళ్లింది. పొయ్యి వెలగాలి కదా!

అలాంటి అమ్మకు మనవడు ఇప్పుడు డెహ్రాడూన్‌లో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ చదువుతున్నాడు. ఇంతకీ అక్కడ వాళ్లకేం నేర్పుతున్నారు? అడవిని కాపాడటమా, అడవి నుంచి జనాన్ని కాపలా కాయడమా? చూసొద్దామని జూన్ రెండో వారంలో బయల్దేరాను.

ఎర్రిటుకల రాజభవనం

డెహ్రాడూన్ ఘంటాఘర్ దగ్గర ఆటో ఎక్కి ‘ఎఫ్ఆర్ఐ’ అంటే చాలు. ఎవరూ దారి అడగరు. ఊళ్లో రద్దీ, హారన్ల మోత దాటి గేటు లోపలికి అడుగుపెట్టగానే ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినట్టుంటుంది. 450 హెక్టార్ల ఆవరణ. రెండువైపులా ఆకాశాన్నంటే చెట్లు. ఆ చెట్ల మధ్య నుంచి ఎర్రిటుకల భవనం కొద్దికొద్దిగా కనిపిస్తుంది. పూర్తిగా కనిపించేసరికి నోట మాట రాదు. పొడవాటి వరండాలు, వరుస స్తంభాలు, గుమ్మటాలు... ఇదేదో మహారాజు కట్టించుకున్న కోట అనుకుంటాం. కాదు, అటవీ పరిశోధన సంస్థ! బ్లూమ్‌ఫీల్డ్ అనే ఆర్కిటెక్టు గీసిన ఈ భవనాన్ని 1929లో వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ ప్రారంభించాడు. సంస్థ పుట్టింది మాత్రం అంతకన్నా ముందే, 1906లో. అన్నట్టు, వీళ్ల పాత చోటు చాంద్‌బాగ్‌లోనే ఇప్పుడు ప్రసిద్ధ డూన్ స్కూలు నడుస్తోంది.

మైదానంలో పర్యాటకులు సెల్ఫీలు దిగుతున్నారు. సినిమావాళ్లకూ ఈ భవనమంటే మోజే. హిందీ సినిమాల్లో కాలేజీగా ఇది చాలాసార్లు కనిపించింది.

‘మావయ్యా, ఫొటోలు తర్వాత. ముందు నీకో ముసలాయన్ని చూపిస్తా రా’ అంటూ మా వాడు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

ఆ ముసలాయన ఒక దేవదారు మొద్దు. అడ్డంగా కోసిన ముక్క. మనిషి ఎత్తును మించిన చక్రంలా గోడకు నిలబడి ఉంది. వయసు ఏడు వందల ఏళ్ల పైమాటే! వలయాలు దగ్గరగా వెళ్లి చూస్తే వెంట్రుకలంత సన్నగా ఉన్నాయి. ఏడు వందల ఏళ్లంటే ఎంత కాలం? 1323లో ఓరుగల్లు కోట కాకతీయుల చేతుల్లోంచి జారిపోయింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఎంత చరిత్ర జరిగిందో, అంతా ఆ మొద్దులో ఇమిడిపోతుంది.

‘ఇది పెరగడానికి ఏడు వందల ఏళ్లు. నరకడానికి ఒక పూట. మాకు మొదటి పాఠం ఇదే’ అన్నాడు మా వాడు.

ఇక్కడ ఇలాంటి మ్యూజియంలు ఆరున్నాయి. కలపకు ఒకటి, పురుగులకు ఒకటి, చెట్ల జబ్బులకు ఒకటి, అడవి పెంపకానికి ఒకటి, సామాజిక అడవులకు ఒకటి, తేనె, జిగురు, ఆకు, వేరు లాంటి అటవీ ఫలసాయాలకు ఒకటి. పర్యాటకులు వీటిని అరగంటలో చుట్టేస్తారు. విద్యార్థులకు రెండేళ్లు పడుతుంది. 1991లో ఈ సంస్థకు డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చాక ఇక్కడ ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు మొదలయ్యాయి. దేశంలో ఐఎఫ్ఎస్‌కు ఎంపికైన వారందరికీ శిక్షణ ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ అటవీ అకాడమీ కూడా ఈ ఆవరణలోనే ఉంది. దేశంలో అడవి ఎంతుందో లెక్కగట్టే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయమూ ఈ ఊళ్లోనే. ఒక రకంగా మన దేశపు అడవులన్నిటికీ పలకా బలపం డెహ్రాడూనే.

ఏనుగు మీద లెక్కల మాస్టారు

అసలీ చదువు మనకెలా వచ్చింది? రైలు తెచ్చింది. 1853లో మొదటి ప్రయాణికుల రైలు నడిచాక దేశమంతా పట్టాలు పరవడం మొదలైంది. మైలు పొడవు పట్టాకు పదిహేడు వందలకు పైగా స్లీపర్లు కావాలి. అవన్నీ చెక్క దూలాలే. టేకు, సాల్, దేవదారు... ఏది దొరికితే దాన్ని కాంట్రాక్టర్లు నరికేశారు. కొన్నేళ్లకే కొండలు బోడులయ్యాయి. ఇలాగైతే రేపు స్లీపర్లకు కూడా చెట్టు మిగలదని తెల్లదొరలకు భయం పట్టుకుంది. అడవి మీద ప్రేమ కన్నా రైలు ఆగిపోతుందన్న బెంగే ఎక్కువన్నమాట!

అప్పటికి అడవిని లెక్క ప్రకారం వాడుకునే శాస్త్రం జర్మన్ల దగ్గరుంది. అక్కడ గనుల కోసం అడవులు తరిగిపోతుంటే, 1713లోనే కార్లోవిట్జ్ అనే గనుల అధికారి ‘పెరిగినంతే నరకాలి’ అని పుస్తకం రాశాడు. ఆ దేశం నుంచే డీట్రిచ్ బ్రాండిస్ అనే వృక్షశాస్త్రవేత్త వచ్చాడు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులను ఆయనకు అప్పగించారు. అక్కడ ఎన్ని చెట్లున్నాయో ఎవరికీ తెలియదు. ఆయనేం చేశాడంటే... ఏనుగెక్కాడు. ఎడమ చేతిలో వెదురు పుల్లలు పట్టుకున్నాడు. చెట్టు లావును బట్టి ఒక్కో తరగతికి ఒక్కో పుల్ల. కుడిచేతిలో చాకు. దారిలో టేకు చెట్టు కనబడగానే దాని లావుకు తగిన పుల్ల మీద ఒక గాటు. సాయంత్రానికి గాట్లు లెక్కబెడితే ఆ దారిలో ఏ వయసు చెట్లు ఎన్నున్నాయో తేలిపోయేది!

‘ఆ గాట్లే మా సిలబస్ మావయ్యా. పుల్లల బదులు ఇప్పుడు జీపీఎస్, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయంతే’ అని నవ్వాడు మా వాడు.

ఆ బ్రాండిస్ 1864లో మన దేశానికి మొట్టమొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యాడు. అధికారులను ఎల్లకాలం యూరప్ పంపి చదివించలేమని 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల మొదలైంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. అడవుల మీద సర్కారుకు గట్టి పట్టు ఇచ్చిన అటవీ చట్టం వచ్చింది కూడా సరిగ్గా ఆ ఏడాదే. బడి, చట్టం ఒకే ఏట పుట్టాయి. బడిలో లెక్క నేర్చుకున్నవాడి చేతికే చట్టం లాఠీ కూడా ఇచ్చింది. పల్లెలకు వాళ్ల అడవి వాళ్లకుండాలని బ్రాండిస్ వాదించాడు. చట్టంలో గ్రామ అడవులకు ఒక అధ్యాయమైతే పెట్టారు గానీ, అది చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది.

థానో అడవిలో టేపు పట్టుకుని...

మర్నాడు పొద్దున్నే మా వాడు, వాడి స్నేహితులు నలుగురు ప్రాజెక్టు పని మీద థానో వైపు బయల్దేరారు. వెనకాల నేను. డెహ్రాడూన్ నుంచి విమానాశ్రయం వైపు వెళ్తుంటే దారికి రెండువైపులా సాల్ అడవి. మనం గుగ్గిలం చెట్టు అంటామే, అదే. ఇక్కడ హిమాలయాల పాదాల దగ్గర మొదలై బిహార్, ఒడిశాల మీదుగా మన ఉత్తరాంధ్ర కొండల దాకా వస్తుంది.

పైనుంచి ఏదో గిరగిరా తిరుగుతూ వచ్చి నా భుజం మీద పడింది. సాల్ కాయ. దానికి ఐదు రెక్కలున్నాయి. ‘దీని ఆయుష్షు వారం రోజులే. ఈ వారంలో వాన పడి మట్టి తడిస్తే మొలుస్తుంది. లేదంటే అంతే సంగతులు’ అని ఒకమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయిది ఒడిశా. మొలిచినా కష్టాలు తీరవట. మొలక ఎండిపోతుంది. కింద వేరు బతికే ఉంటుంది. మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ ఎండుతుంది. కొన్నేళ్లు ఇలా చచ్చి బతికి, వేరు బలపడ్డాక గానీ మొక్క పైకి లేవదు.

పిల్లలు పని మొదలెట్టారు. తాడుతో చతురస్రం గీశారు. ఒక్కో వైపు 31.62 మీటర్లు. ఇదేం లెక్కని అడిగాను. అప్పుడు సరిగ్గా హెక్టారులో పదోవంతు వస్తుందట. ఆ గడిలో ఉన్న ప్రతి చెట్టుకూ టేపు చుట్టాలి. ఎక్కడ పడితే అక్కడ కాదు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి ఛాతీ దగ్గర. చెట్టు ఏటవాలులో ఉంటే ఎగువ వైపు నిలబడి కొలవాలి. వయసు తెలుసుకోవడానికి చెట్టును నరకక్కర్లేదు. బోలు బరమా లాంటి పరికరంతో పెన్సిలంత సన్నటి ముక్క బయటకు తీస్తే వలయాలు కనిపిస్తాయి. సాల్ లాంటి చెట్లలో ఆ వలయాలు అంత స్పష్టంగా ఉండవు. అందుకే అదే గడికి కొన్నేళ్లకోసారి వచ్చి మళ్లీ మళ్లీ కొలవాల్సిందే.

నన్నూ ఊరుకోనివ్వలేదు. టేపు చేతికిచ్చారు. పది చెట్లు కొలిచేసరికి చొక్కా తడిసి ముద్దయింది. జలగ ఒకటి కాలికి పట్టింది. మధ్యలో దూరంగా కొమ్మలు విరుగుతున్న చప్పుడు. ‘ఏనుగులు... కదలొద్దు’ అన్నారు. ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టాను.

నీడలో కూర్చుని రొట్టెలు తింటున్నప్పుడు ‘ఇంత కొలిచి ఏం చేస్తారు?’ అని అడిగాను. మా వాడు మట్టి మీద పుల్లతో గీసి చెప్పాడు.

‘బ్యాంకులో డబ్బుందనుకో. వడ్డీ తింటే అసలు అలాగే ఉంటుంది. అసలు ముడితే ఏదో ఒకరోజు ఖాతా ఖాళీ. ఒక అడవిలో వంద ఘనపు మీటర్ల కలప ఉంది, ఏడాదికి రెండు ఘనపు మీటర్లు పెరుగుతోందనుకుందాం. ఆ రెండే మనవి. వంద జోలికి పోకూడదు. కొలవకపోతే ఏది అసలో ఏది వడ్డీయో తెలియదు. అందుకే ప్రతి అటవీ డివిజన్‌కూ పదేళ్లకో వర్కింగ్ ప్లాన్ రాస్తారు. ఏ చెట్టు తీయాలి, ఏది విత్తనానికి ఉంచాలి, ఎక్కడ అసలు అడుగే పెట్టకూడదు... అన్నీ అందులో ఉంటాయి’.

ఎంత తేలికగా చెప్పాడు! మా ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా ఇంత బాగా చెప్పలేడు.

పుస్తకం తప్పిన చోట

అయితే ఈ లెక్కలో శాస్త్రమూ తప్పటడుగులు వేసింది. మా వాళ్లకు పాఠం చెప్పేటప్పుడు వాటినీ దాచరట. అది నాకు నచ్చింది.

నిప్పునే తీసుకోండి. అడవికి నిప్పు శత్రువని తొలినాటి అధికారులు గట్టిగా నమ్మారు. సాల్ అడవుల్లో చుట్టూ గీతలు నరికి, కాపలా పెట్టి మంట అన్నది లేకుండా చేశారు. తీరా చూస్తే అస్సాం, బెంగాల్ తడి అడవుల్లో సాల్ మొక్కలు రావడమే మానేశాయి. కింద తుప్పలు, తీగలు దట్టంగా అల్లుకుపోయి మొలకకు వెలుతురు లేకుండా పోయింది. తర్వాత వాళ్లే జాగ్రత్తగా, కొద్దికొద్దిగా కాల్చడం మొదలుపెట్టాల్సి వచ్చింది. అలాగని మంటంతా మంచిదనీ కాదు. 2024 జూన్‌లో అల్మోడా దగ్గర బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పడానికి వెళ్లిన అటవీ సిబ్బంది ప్రాణాలే కోల్పోయారు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నదే ప్రశ్న. దానికి ఒక్క జవాబుండదు.

పురుగుల మ్యూజియంలో ఇంకో పాఠం చూశాను. సాల్ చెట్టును తొలిచే పురుగు. మీసాల పెంకుపురుగు లాంటిది. 1997-98లో ఇది మధ్యప్రదేశ్ సాల్ అడవుల మీద విరుచుకుపడి లక్షల చెట్లను పొట్టన పెట్టుకుంది. మందు కొట్టి దీన్ని ఆపలేరు. చేవలో ఉంటుంది కదా! అందుకని ఒక చెట్టును నరికి, బెరడు నలగ్గొట్టి వదిలేస్తారు. ఆ రసం వాసనకు పురుగులు మూగుతాయి. అప్పుడు ఊరివాళ్లు ఏరేస్తారు. పురుగుకింత అని వాళ్లకు డబ్బు. ఒక చెట్టును ఎరగా వేసి వందల చెట్లను బతికించుకోవడం. ఇక్కడ కూడా చివరికి అక్కరకొచ్చింది ఊరివాళ్ల చేతులే.

ఒకే మంట... రెండు కొండలు

ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే మా వాడు ఒక మాట అన్నాడు. ‘మావయ్యా, 1921లో ఇక్కడ కుమావూఁ కొండల్లో ఏం జరిగిందో తెలుసా?’

తెలియదన్నాను.

ఇక్కడి పల్లెలకు బాంజ్ అనే ఓక్ చెట్టు ప్రాణం. దాని ఆకు పశువులకు మేత, కొమ్మ వంటచెరకు. ఆ చెట్ల కింద నేల నీటిని పట్టి ఉంచుతుంది. ఊటలు ఎండవు. సర్కారుకు మాత్రం చీర్ అనే పైన్ చెట్టు కావాలి. స్లీపర్లకు, జిగురుకు అదే లాభం. అడవుల్ని రిజర్వు చేసి, మేతకూ కట్టెలకూ ఆంక్షలు పెట్టారు. వెట్టి చాకిరీ ఉండనే ఉంది. 1921లో జనం తిరగబడ్డారు. పైన్ అడవులకు నిప్పంటించారు. చాలాచోట్ల తమ బాంజ్ అడవుల జోలికి మాత్రం పోలేదు! సర్కారు కమిటీ వేసింది. చివరికి 1931లో ‘వన పంచాయతీ’ నిబంధనలు వచ్చాయి. ఊరి అడవిని ఊరే చూసుకోవచ్చు. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో అలాంటివి పదకొండు వేలకు పైగా ఉన్నాయి.

‘సరిగ్గా మర్నాటి ఏడాది మన దగ్గర...’ అని మా వాడు ఆగాడు.

చెప్పక్కర్లేదు. 1922. మా కొండలే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద, కట్టె మీద ఆంక్షలు పెట్టింది. దాని మీద వెట్టితో రోడ్డు పనులు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదిలింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. ఒకటే కారణం, ఏడాది తేడా. ఒక కొండకు వన పంచాయతీ దక్కింది. ఇంకో కొండకు తుపాకీ గుండు దక్కింది. మా అమ్మ కొడవలి పోయింది ఆ రెండో కొండ మీదే.

చిన్నప్పటి నుంచీ ఆ కథ వింటూనే ఉన్నాను. అది అటవీశాస్త్రం పాఠంలో భాగమని మాత్రం ఆ మెట్ల మీదే మొదటిసారి అనిపించింది.

స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆ పాఠం తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. 1972లో పశ్చిమ బెంగాల్ ఆరాబరీలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అధికారి నరికేసిన సాల్ మొదళ్లను ఊరివాళ్లకు అప్పగించి, కాపాడితే అమ్మకంలో నాలుగో వంతు మీదే అన్నాడు. అడవి తిరిగి లేచింది. 1974 మార్చి 26న ఇక్కడి చమోలీ జిల్లా రేణీలో గౌరాదేవి, ఆమెతో ఉన్న ఆడవాళ్లు చెట్లను కావలించుకుని గొడ్డళ్లను ఆపారు. 1988 నాటి జాతీయ అటవీ విధానం ఆదాయం కన్నా పర్యావరణం, ప్రజల అవసరాలు ముఖ్యమని ఒప్పుకుంది. 1990లో ఉమ్మడి యాజమాన్యం, దాన్ని అనుసరించి 1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాయి. ఇప్పుడు ఇవన్నీ సిలబస్‌లో ఉన్నాయి.

వాటన్నిటికన్నా ముందు గుర్తుకురావాల్సిన మన రాజమండ్రి మనిషి ఒకాయనున్నాడు. పందిళ్లపల్లి శ్రీనివాస్. 1979 బ్యాచ్ ఐఎఫ్ఎస్ అధికారి. ఈ డెహ్రాడూన్ చదువే చదివాడు. వీరప్పన్ సొంతూరు గోపీనాథంలోనే మకాం పెట్టి, ఊరివాళ్లతో కలిసి మారియమ్మ గుడి కట్టించాడు. జనం మనసు మారితే స్మగ్లింగ్ ఆగుతుందని నమ్మాడు. లొంగిపోతానన్న వీరప్పన్ మాట నమ్మి వెళ్లి 1991 నవంబరులో హతమయ్యాడు. ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చింది. ఖాకీ చొక్కా వేసుకున్నవాళ్లంతా కొడవళ్లు లాక్కునేవాళ్లు కారని అమ్మకు చెప్పాలనుకున్నాను.

చంబా పైన ఒక ఊరు

ఆఖరి రోజు పిల్లలు నన్ను ఒక వన పంచాయతీకి తీసుకెళ్లారు. ముస్సోరీ, ధనౌల్టీల మీదుగా చంబా వైపు దారి. కింద చీర్ చెట్లు. నేలంతా సూదుల్లాంటి ఎండుటాకు. అగ్గిపుల్ల పడితే చాలు, భగ్గుమంటుంది. పైకి వెళ్లేకొద్దీ బాంజ్ మొదలైంది. గాలి చల్లబడింది. దారి పక్క రాతి తొట్టెలో సన్నటి ధారగా నీళ్లు పడుతున్నాయి. జూన్‌లో కూడా!

ఆ ఊరి వన పంచాయతీ సర్పంచి ఒక పెద్దావిడ. మా అమ్మ వయసే ఉంటుంది. నుదుటికి అడ్డంగా గుడ్డ కట్టుకుంది. నడుముకు కొడవలి. నా కళ్లు దాని మీదే ఉన్నాయి. ఇక్కడ దాన్ని దరాంతి అంటారు.

వాళ్ల నియమాలు చెప్పింది. బాంజ్ ఆకు కోతకు చలికాలంలో కొన్ని వారాలే తెరుస్తారు. ఇంటికి ఒక్కరే రావాలి. పక్క కొమ్మలు కోయొచ్చు గానీ చిటారు కొమ్మ ముట్టకూడదు. ఈ ఏడాది ఈ వాలు, వచ్చే ఏడాది ఆ వాలు. రాలిన ఆకు పశువుల కింద పరచడానికి ఎవరైనా ఏరుకోవచ్చు. మంట లేస్తే ఇంటికొకరు పరుగెత్తి రావాలి. వర్కింగ్ ప్లాన్ అన్న మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. కానీ చెప్పిందంతా అదే! అసలు, వడ్డీ.

‘నియమం తప్పితే?’ అని అడిగాను. మా వాడు హిందీలో అడిగాడు.

‘దరాంతి లాక్కుంటాం’ అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఇక్కడ కూడానా?

ఆమెకు నా మొహం చూసి నవ్వొచ్చింది. లోపలికి వెళ్లి ఒక పాత రిజిస్టరు తెచ్చింది. ఎవరిది, ఏ రోజు, ఎందుకు తీసుకున్నారో రాసుంది. పక్కనే జరిమానా. దాని పక్కన, తిరిగిచ్చిన తేదీ. ‘మీటింగులో అందరి ముందూ జరిమానా కడితే అక్కడే తిరిగిచ్చేస్తాం. దరాంతి లేకపోతే ఆడదానికి ఇల్లెలా గడుస్తుంది? ఒకసారి నాదీ లాక్కున్నారు. సర్పంచినైతే మాత్రం!’ అంది. ఆ వరస చూపించింది కూడా.

అంతా బాగుందని చెప్పను. కుర్రాళ్లు ఉద్యోగాలకు దిగువకు వెళ్లిపోతున్నారు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. మంటార్పడానికి ఇంటికొకరు రావాలంటే ఇంట్లో ఒకరైనా ఉండాలి కదా! నిబంధనలు మారుతూ వచ్చేకొద్దీ పంచాయతీ మీద అటవీశాఖ పెత్తనం పెరిగిందని కూడా ఆమె చెప్పింది. మా పిల్లలు తలలు దించుకుని రాసుకున్నారు. రేపు ఆ శాఖలో కూర్చోబోయేది వాళ్లే మరి.

దిగేటప్పుడు మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. ‘అమ్మమ్మ చెప్పింది సగమే మావయ్యా. ఒక్కోసారి కొడవలి లాక్కోవాల్సి వస్తుంది. లేకపోతే అడవి మిగలదు. కానీ ఆ నియమం రాసినప్పుడు కొడవలి ఉన్నవాళ్లు కూడా ఆ గదిలో ఉండాలి’.

ఫారెస్ట్ సర్వే 2023 నివేదిక ప్రకారం మన దేశంలో అడవి 21.76 శాతం. మూడో వంతు ఉండాలన్నది 1988 విధానంలో పెట్టుకున్న లక్ష్యం. ఆ తేడా పూడ్చడానికి టేపులు పట్టుకునే చేతులు ఎన్నో కావాలి. ఇలా ఆలోచించే పిల్లలు అంతకన్నా ఎక్కువ కావాలి.

ఇంటికొచ్చాక అమ్మకు అన్నీ చెప్పాను. దేవదారు మొద్దు, ఏనుగు మీద దొర, రెక్కల కాయ. అన్నీ ఊఁ కొడుతూ వింది. సర్పంచి రిజిస్టరు దగ్గరికి వచ్చేసరికి ఆపమంది.

‘లాక్కున్నదాన్ని తిరిగిచ్చారా?’

‘ఇచ్చారమ్మా. తేదీ వేసి మరీ ఇచ్చారు’.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. ‘అయితే అది వేరే సంగతి. మన వాడు ఆఫీసరయ్యాక ఒకసారి చూడమను. నా కొడవలి ఏ పుస్తకంలో రాశారో’.

ఇలా వెళ్లొచ్చు...

హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి ముందు ఢిల్లీ చేరుకోవాలి. అక్కడి నుంచి డెహ్రాడూన్ దాదాపు 250 కిలోమీటర్లు. శతాబ్ది, వందే భారత్ రైళ్లున్నాయి. విమానంలో వెళ్తే జాలీ గ్రాంట్‌లో దిగాలి. ఎఫ్ఆర్ఐ చూడటానికి టికెట్టు ఉంటుంది. మ్యూజియంలకు సగం రోజైనా కేటాయించుకుంటే మంచిది. పిల్లలుంటే దేవదారు మొద్దు దగ్గర కాసేపు నిలబెట్టి, వలయాలు లెక్కపెట్టమనండి.